ఊరి గొంతు

లండను నగరమునందలి బిగ్ బెన్ గంటను కన్నులార చూచినవారు మనలో కొలదిమందియే యుందురు. చెవులార వినినవారు మాత్రము పెక్కురు. మా చిన్ననాట, 1950 తరువాతి యేండ్లలో, వీధికొక యింట మాత్రమే రేడియో పెట్టె యున్న కాలమున, రాత్రి భోజనములైన పిదప పెద్దలు షార్టువేవు మీటను మెల్లమెల్లగా త్రిప్పుచుండెడివారు. గరగరల నడుమ నుండి, ఈలల నడుమ నుండి, ఎక్కడిదో యొక పెద్దగంట మ్రోగెడిది. "అది లండను గంటరా, అల్లరి చేయకండి" అని మమ్ము గదిమి, వారు గోడగడియారము వంక చూచి దాని తప్పొప్పులు నిర్ణయించెడివారు. ఆ గంట వ్రేలాడు గోపుర మెంత యెత్తో, దాని చుట్టునున్న వీధు లెట్టివో మాకు తెలియదు. తెలిసికొనవలెనని తోచనులేదు. వినుట చాలెను.

ఆ గంటను 1858లో లండనులోని వైట్‌చాపెల్ పోతశాలలో పోసిరి. బరువు 13 టన్నులకు పైమాట. గోపురమున కెక్కి మ్రోగనారంభించిన 1859వ సంవత్సరముననే అది పగులువారినది. ఆ పగులుతోడనే నేటికిని మ్రోగుచున్నది. 1923 డిసెంబరు 31వ తేది అర్ధరాత్రి, నూతన సంవత్సరమును స్వాగతించుటకై, బి. బి. సి. వారు దాని ధ్వనిని మొట్టమొదట ప్రసారము చేసిరి. అంతవరకు వెస్ట్‌మినిస్టరు పరిసరములవారికి మాత్రమే చెందిన ఊరిగంట ఆనాటితో సముద్రముల కావలివారికి గూడ చెందినదయ్యెను.

మేము చెప్పదలచినది బిగ్ బెన్ కథ కాదు. ఇంగ్లండు దేశపు పాతపట్టణములలో అంతకంటె వయసుమీరిన గోపురములు పెక్కు కలవు. వానిని చూడబోవు యాత్రికులు తల పైకెత్తి శిల్పమును మెచ్చుకొని, ఛాయాచిత్రము తీసికొని మరలుదురు. అందు తప్పులేదు. కాని ఆ గోపురములు కట్టబడినది ముఖ్యముగా చెవుల కొరకు. మన తెలుగున ఇట్టి కట్టడమునకు గంటస్తంభమను చక్కని పేరు కలదు. విజయనగరమున ఆ మాట యెరుగని బిడ్డ యుండడు. గడియారము ముఖము తరువాత వచ్చినది, గంట ముందు వచ్చినది. ఇంగ్లీషువారి 'క్లాక్' అను మాటకు గూడ మూలార్థము గంటయే.

లండనుకు ఉత్తరమున సుమారు 20 మైళ్ల దూరమున సెంట్ ఆల్బన్స్ అను పట్టణమున్నది. అచట సంతవీధి మొగలో చెకుముకిరాళ్లతో కట్టిన చదరపు గోపుర మొకటి నిలిచియున్నది. ఎత్తు 64 అడుగులు మాత్రమే. లోపల 93 మెట్లు. మన ఊళ్లలోని గుడిగోపురముల ప్రక్కన నిలిపినచో ఇది కంటికానదు. ఐనను దీని పుట్టుక వెనుక నున్న పట్టుదల చిన్నది కాదు.

మధ్యయుగమున ఆ ఊరికి దొర అక్కడి క్రైస్తవ మఠాధిపతియే. సంత ఆయనది, నేల ఆయనది, నీటిమరలు ఆయనవి. ఊరివారు తమ ధాన్యమును ఆయన మరలోనే ఆడించి, దానికి సుంకము చెల్లించవలెను. ఇంట తిరుగలి యుంచుకొనుటకు వీలులేదు. 1327 మొదలు 1336 వరకు మఠాధిపతిగా నుండిన వాలింగ్‌ఫర్డు రిచర్డు అనునాతడు ఇండ్లలోని తిరుగళ్లను పట్టి తెప్పించి, ఆ రాళ్లను మఠపు కొలువుగది నేలలో పరపించెను. మఠమునకు వచ్చిన ప్రతి పట్టణవాసియు తన తల్లి విసరిన తిరుగలి రాతిని త్రొక్కుచు నడువవలసివచ్చెను. చిత్రమేమనగా, ఈ రిచర్డు మూర్ఖుడు కాడు. కమ్మరి కుమారుడు, గణితమునందును ఖగోళమునందును ఆనాటి ఇంగ్లండున మేటి. సూర్యచంద్రుల గతులను, లండను వంతెనకడ ఆటుపోటులను గూడ చూపగల మహాయంత్రగడియారమును ఆయన మఠమున కట్టించుట కారంభించెను. ఆకాశమునందలి కాలమును కొలువనేర్చిన వాడే ఊరివారి పిండిని గూడ కొలిచి తీసికొనెను.

1381లో ఇంగ్లండు రైతులు తిరుగబడినప్పుడు సెంట్ ఆల్బన్స్ ప్రజలును లేచిరి. విలియం గ్రిండ్‌కాబ్ అను పట్టణవాసి వారికి నాయకుడు. వారు మఠమున జొచ్చి, ఆ నేలను పెల్లగించి, తిరుగలి రాళ్లను ముక్కలుచేసి, గుడిలో ప్రసాదము పంచినట్లు ఒకరికొకరు పంచుకొని ఇండ్లకు తీసికొనిపోయిరి. ఈ వృత్తాంతమును వ్రాసి యుంచినవాడు ఆ మఠపు సన్యాసియే. ఆయనకు ఊరివారిపై ఇసుమంతయు దయలేదు, కనుకనే ఆయన సాక్ష్యము మరింత నమ్మదగినది. తిరుగుబాటు అణగినది. గ్రిండ్‌కాబ్‌ను ఉరితీసిరి.

ఇది జరిగిన రెండుమూడు దశాబ్దములకే, 1403కును 1412కును నడుమ, ఊరివారు తమ గోపురమును తాము కట్టుకొనిరి. మఠపు గంటలు మఠపు వేళలను చెప్పును. ఈ గోపురపు గంట ఊరి వేళలను చెప్పును. క్రింది అంతస్తున దుకాణము, పైన గంట. ఆ గంట పేరు గేబ్రియల్. బరువు సుమారు ఒక టన్ను. వేకువన అది మ్రోగినచో పనివారు లేచెదరు. రాత్రి మ్రోగినచో పొయ్యిలోని నిప్పును బూడిదతో కప్పవలెను. కొయ్య యిండ్లు, గడ్డి కప్పులు గల ఊరికి నిప్పే శత్రువు గదా! నిప్పు కప్పుమని అర్థమిచ్చు ఫ్రెంచి మాట నుండియే 'కర్ఫ్యూ' అను మాట పుట్టినది. నేడు ఆ మాట వినినచో మనకు తుపాకులును మూసిన వీథులును తలపునకు వచ్చును. దాని చిన్ననాటి అర్థము ఇంటి యిల్లాలి పొయ్యి.

1455 మే 22వ తేదిన ఈ పట్టణపు వీథులలోనే రోజాపూల యుద్ధములలోని మొదటి పోరు జరిగినది. ఆనాడు గేబ్రియల్ గంటయే ప్రజలను హెచ్చరించెనని ఆ ఊరివారు చెప్పుదురు. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠమును రద్దుచేసెను. రిచర్డు ఆరంభించిన అద్భుతపు గడియారము జాడలేకుండ పోయినది. 1553లో మఠపు పెద్దచర్చిని ఊరివారే 400 పౌనులకు కొనుక్కొని తమ చర్చిగా చేసికొనిరి. తిరుగలి రాళ్ల తగవు ఈ విధముగా తీరినదని మేము లోలోన సంతోషించినమాట నిజము.

రేడియో వినువారికి తెలియవలసిన సంగతి ఇంకొకటి కలదు. 1808లో, నెపోలియనుతో యుద్ధము సాగుచుండగా, బ్రిటిషు నౌకాశాఖవారు లండను నుండి తూర్పుతీరపు యార్మతు రేవువరకు గుట్టలమీదను గోపురములమీదను వార్తాయంత్రములను నిలిపిరి. ఒక్కొక్క యంత్రమున ఆరు పలకలు. వానిని తెరచుచు మూయుచు అక్షరములను సూచించెదరు. ఒక గోపురముపై నున్నవాడు దూరదర్శినితో చూచి, అదే గురుతును తరువాతివానికి చూపును. తీగలేదు, విద్యుత్తులేదు, ఐనను ఆకాశము తేటగా నున్నప్పుడు వార్త కొలది నిమిషములలో సముద్రతీరమునకు చేరెడిది. సెంట్ ఆల్బన్స్ గోపురపు నెత్తిన గూడ ఆ పలకలు 1814 వరకు ఆడినవి. పొగమంచు పట్టినప్పుడు మాత్రము వార్త నిలిచిపోయెడిది. షార్టువేవు వినినవారికి ఈ బాధ క్రొత్తది కాదు.

ఒక ఊరిలో మఠమునకును జనమునకును కలిగిన తగవు ఇది. ఆక్స్‌ఫర్డు పట్టణమున తగవు విద్యార్థులకును ఊరివారికిని. అచట రెండు గోపురముల గంటలే రెండు పక్షములై నిలిచినవి. 1355 ఫిబ్రవరి 10వ తేదిన నాలుగువీథుల కూడలి చెంతనున్న మద్యశాలలో ఇద్దరు విద్యార్థులు ద్రాక్షసారా బాగులేదని గొణిగిరి. మాటకు మాట పెరిగి, పాత్రను యజమాని తలపైకి విసరిరి. ఊరివారు సెంట్ మార్టిన్ చర్చి గంటను మ్రోగించిరి. విద్యార్థులు సెంట్ మేరీ చర్చి గంటను మ్రోగించిరి. ఆయా గంటలు వినినవారు ఆయా వైపులకు పరుగెత్తిరి. పోరు మూడుదినములు సాగినది. విద్యార్థులలో అరువదిమందికి పైగా మరణించిరని చెప్పుదురు. దానికి ప్రాయశ్చిత్తముగా ఊరి మేయరు ఏటేట సెంట్ మేరీ చర్చికి పోయి కానుక చెల్లించు ఆచారము 1825 వరకు సాగెను. 1955లో, సరిగా 600 ఏండ్లకు, విశ్వవిద్యాలయమువారు మేయరునకు గౌరవపట్టమిచ్చి రాజీపడిరి.

ఆ సెంట్ మార్టిన్ చర్చి నేడు లేదు. బండ్ల రాకపోకలకు అడ్డమని 1896లో దానిని కూలద్రోసి, గోపురమును మాత్రము మిగిల్చిరి. కార్‌ఫాక్స్ గోపురమని పేరుపెట్టుకొని, అది కూడలిలో ఒంటరిగా నిలిచియున్నది. తలమాత్రము మిగిలి మొండెము పోయిన మనిషివలె అది మాకు కనబడినది. దానిని మిగిల్చినందులకు సంతోషింపవలెనో, చర్చిని పడగొట్టినందులకు విచారింపవలెనో తెలియక కొంతసేపు నిలిచిపోతిమి.

అదే ఊరిలో క్రైస్ట్ చర్చి కళాశాల ముఖద్వారమున టామ్ గోపురము కలదు. 1682లో క్రిస్టఫర్ రెన్ అను శిల్పి కట్టినది. అందులోని గంట ప్రతిరాత్రి 9 గంటల 5 నిమిషములకు 101 సారులు మ్రోగును. కళాశాలలోని ఒకనాటి విద్యార్థుల సంఖ్య అది. ఆ అయిదు నిమిషములేల యందురా? ఆక్స్‌ఫర్డు గ్రీనిచ్చికి పడమటనున్నది. సూర్యుడు అచటికి అయిదు నిమిషములు ఆలస్యముగా వచ్చును. రైళ్లు రాకపూర్వము ప్రతి ఊరికిని తన మధ్యాహ్నము తనదే. రైళ్ల పుణ్యమా యని 1880లో శాసనముచేసి దేశమంతటికి ఒకే కాలము నిర్ణయించిరి. టామ్ మాత్రము తన ఊరి సూర్యుని విడువలేదు. మన తాతలనాట మద్రాసు కాలమని యొకటి యుండెడిది. 1906లో భారతదేశపు కాలము ఏర్పడినప్పుడు అది మరుగున పడినది. దానిని నేటికిని తలచు గంట మన దేశమున నున్నట్లు మేమెరుగము.

ఇంతవరకు చెప్పినవి నెమ్మదిగా మారిన ఊళ్లు. ఒక్క రాత్రిలో మారిన ఊరు కోవెంట్రీ.

ఇంగ్లండు నడిబొడ్డున నున్న ఈ పట్టణము ఎన్నిమార్లు వృత్తి మార్చినదో లెక్కలేదు. మొదట ఉన్నిబట్టల నేత, పిదప పట్టుపట్టీలు, ఆపై చేతిగడియారములు, ఆపై సైకిళ్లు, ఆపై మోటారుకార్లు. వృత్తులు మారినను ఊరి రూపును చెప్పునవి మూడు శిఖరములు. పరదేశము పోయి తిరిగివచ్చువానికి రైలు కిటికీ నుండి అవి కనబడినచో ఇల్లు చేరినట్లే. వానిలో పెద్దది సెంట్ మైకేల్ చర్చిది. పదునాలుగవ శతాబ్దిలో ఎర్రని యిసుకరాతితో కట్టుట కారంభించిన దానియెత్తు 295 అడుగులు. రెండవది దాని ప్రక్కనే యున్న హోలీ ట్రినిటీది. మూడవది ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠమునకు చెందినది. మఠము ఏనాడో పోగా శిఖరము మిగిలినది. దానికి పందొమ్మిదవ శతాబ్దిలో క్రొత్తచర్చి నొకదానిని తగిలించి కట్టిరి.

1940 నవంబరు 14వ తేది. నిండు వెన్నెల. సాయంకాలము ఏడు గంటలు దాటిన పిదప జర్మను విమానములు వచ్చినవి. మరునాటి వేకువవరకు అలలు అలలుగా వచ్చుచునే యుండినవి. ఆ రాత్రి అయిదువందల అరువదిమందికి పైగా మరణించిరి. ఊరి నడిభాగము కాలిపోయినది. 1918 నుండి కథీడ్రలు హోదాపొందిన సెంట్ మైకేల్ చర్చి కప్పు దగ్ధమై కూలినది. గోడలు మాత్రము మిగిలినవి. తెల్లవారి పొగలో నుండి చూచినవారికి గోపురమును దానిపై శిఖరమును చెక్కుచెదరక కనబడినవి. ఆ రాత్రియంతయు, క్రింద నగరము కాలుచుండగనే, ఆ గోపురపు గడియారము వేళకు వేళ గంటలు కొట్టుచునే యుండెనని చెప్పుదురు. నేలమాళిగలలో దాగిన తల్లులు ఆ గంటలను లెక్కపెట్టుకొని యుందురు. ఆ లెక్క యెట్టిదో ఊహించుటకే మాకు భయము కలుగుచున్నది.

ఆ యేటి క్రిస్మసు దినమున ఆ చర్చి పెద్ద రిచర్డు హోవర్డు శిథిలముల నుండియే రేడియోలో ప్రసంగించెను. పగతీర్చుకొను తలపును విడువుడని, యుద్ధానంతరము మరింత దయగల లోకమును కట్టవలెనని ఆయన కోరెను. కాలిన ఊరిలో నిలిచి, ఆరు వారములు గడవకముందే ఆ మాట చెప్పుట సామాన్యమైన పని కాదు. ఊరివారందరికిని అది రుచించియుండదు. ఐనను చెప్పెను.

కోవెంట్రీని గూర్చిన జ్ఞాపకములలో బాంబులకే పెద్దపీట. ఒక సంగతిని మాత్రము మరుగుపరచరాదు. బాంబులు పడుటకు నాలుగేండ్లు ముందే, 1936లో, కసాయివీథి మొదలైన మధ్యయుగపు ఇరుకువీథులను, కొయ్యచట్రముల యిండ్లతో సహా, నగరపాలకులే పడగొట్టించిరి. వారి కారణము వారికి కలదు: ఇరుకు, మురికి, మోటార్ల రద్దీ. పై అంతస్తులు వీథిమీదికి వంగి ఒకదానినొకటి తాకబోవు ఆ యిండ్ల చిత్రములను నేడు చూచినచో, వానిని మనచేతులతో మనమే పడగొట్టుకొందుమా యని తోచును. శత్రువు చేసిన నష్టమునకు స్మారకచిహ్నములు లేచును. మనము చేసికొన్న నష్టమునకు రోడ్డు లేచును. 1960 తరువాత మాత్రము, మిగిలిన కొయ్యయిండ్లను కొన్నిటిని విప్పదీసి, స్పాన్ వీథియను ఒక్క వీథికి తరలించి మరల నిలిపిరి. ఉన్నచోట నుంచుటకు మించిన మందులేదు గాని, ఈపాటి మేలే.

యుద్ధానంతరము నగరమును మరల కట్టించినవారు అంగడివీథిని ఒక సరళరేఖగా గీసి, దాని చివర కంటికి సూటిగా సెంట్ మైకేల్ శిఖరము కనబడునట్లు అమర్చిరి. బేసిల్ స్పెన్స్ అను శిల్పి క్రొత్త కథీడ్రలును పాతదాని ప్రక్కనే కట్టెను. 1962 మే 25వ తేదిన దానికి ప్రతిష్ఠ జరిగినది. పాత గోడలను ఆకాశమే కప్పుగా అట్లే యుంచిరి. సన్యాసుల శిఖరమునకు తగిలించిన చర్చి 1941 ఏప్రిలు దాడిలో పాడైపోగా, ఆ శిఖరము మరల ఒంటరిదయ్యెను. చూడబోయినచో దానికి ఒంటరితనము అలవాటే.

యుద్ధకాలపు గంటలనుగూర్చి మరియొక మాట. 1940 జూనులో బ్రిటనునందంతటను చర్చిగంటలు మ్రోగించుటను నిషేధించిరి. శత్రువు దిగినప్పుడు మాత్రమే అవి మ్రోగవలెను. వేయేండ్లుగా పెండ్లికిని చావునకును మ్రోగిన గంట, మ్రోగినచో ఆపద యని అర్థమిచ్చు దినములు వచ్చినవి. 1942 నవంబరు 15వ తేది ఆదివారమున, ఎల్ అలమీను విజయమునకై, ఒక్కనాటికి ఆ మౌనమును విడిపించిరి. కోవెంట్రీ కాలిన రాత్రి తెల్లవారిన దినమునకు అది సరిగా రెండేండ్లు. నిషేధము పూర్తిగా తొలగినది 1943లో.

నిషేధము తొలగినను మ్రోగుటకు గంటలు మిగులని గోపురములు కొన్ని. వానిలో ప్రసిద్ధమైనది లండనులోని బౌ చర్చి గోపురము. 1666 నాటి మహాగ్నిలో పాతచర్చి కాలగా రెన్ శిల్పియే దీనిని కట్టెను. ఆ గంటలు వినబడు మేర పుట్టినవాడే అచ్చమైన లండనువాడని, అట్టివానికే 'కాక్నీ' అను పేరు చెల్లునని ఒక నానుడి. పుట్టుకకు సాక్ష్యము పత్రము కాదు, గంట! 1941 మే 10వ తేది రాత్రి బాంబుదాడిలో ఆ గోపురము లోపల మంటలు లేచి, గంటలు తెగి నేలపైబడి నశించినవి. క్రొత్తవి ఎక్కి మ్రోగినది 1961 డిసెంబరులో. నడుమ ఇరువదేండ్లు ఆ ఊరిలో, నానుడి ప్రకారము, అచ్చమైన లండనువాడొక్కడును పుట్టలేదు.

ఆ యిరువదేండ్లును బౌ గంటలు మౌనముగా నున్నవా యనగా, లేవు. 1926లో వాని ధ్వనిని రికార్డుపై పట్టియుంచిరి. యుద్ధకాలమున బి. బి. సి. వారు ఇంగ్లీషు ప్రసారముల నడుమ విరామసంకేతముగా ఆ రికార్డునే వేసిరి. జర్మనులు ఆక్రమించిన దేశములలో లండను రేడియో వినుట శిక్షార్హమైన నేరము. తలుపులు బిగించి, పెట్టెకు చెవి ఆనించి ఆ గంటలను వినినవారు ఎందరో. యుద్ధము ముగిసిన పిదపను సముద్రాంతర ప్రసారములలో ఆ రికార్డు చాలకాలము సాగినది.

మా యింట షార్టువేవు మీట త్రిప్పినప్పుడు బిగ్ బెన్‌కు ముందో వెనుకనో, ఒకదానిపై నొకటి దొరలివచ్చు గంటల మ్రోత వినబడెడిది. కార్యక్రమము మొదలగువరకు అది సాగెడిది. అదే సమయమున లండనులో ఎక్కడనో ఒక గోపురమున ఎవరో త్రాళ్లు లాగుచున్నారని మేము నమ్మితిమి. ఆ గంటలు అప్పటికి లేవని మాకు తెలిసినది మా నాయనగారు పోయిన చాల యేండ్లకు.